పాత బీఎండబ్ల్యూ ఎం54 ఇంజిన్‌ను దారిలో పెట్టడం ఎలా

బీఎండబ్ల్యూ ఎం54 పెట్రోల్ ఇంజిన్ 2000లో వచ్చింది, 2006తో ఆగిపోయింది. అంటే ఇప్పుడు మీ చేతికొచ్చే ఏ ఎం54 అయినా దాదాపు ఇరవై ఏళ్లది, లేదా అంతకంటే పాతది. ఆరు సిలిండర్లు ఒకే వరుసలో, ఇరవై నాలుగు వాల్వులు, టర్బో లేదు, డైరెక్ట్ ఇంజెక్షన్ లేదు. క్యామ్‌షాఫ్టులను తిప్పేది చైను కాబట్టి టైమింగ్ బెల్టు మార్చే గొడవ లేదు. ట్యాపెట్లు హైడ్రాలిక్‌వి, వాల్వ్ గ్యాప్ సరిచేసే పనీ లేదు. సొంతంగా పానా పట్టుకోవాలనుకునేవారికి ఇంతకంటే మంచి ఇంజిన్ దొరకడం కష్టమని నా నమ్మకం.

దీని గురించి ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే సగం పని అయినట్టే. లోపలి క్రాంకు, కనెక్టింగ్ రాడ్లు, చైను చాలా గట్టివి. పాడయ్యేవి చుట్టూ ఉన్న ప్లాస్టిక్కూ రబ్బరూ. కూలెంట్ ట్యాంకు, గాలి గొట్టాలు, సీళ్లు, గాస్కెట్లు వేడికి ఎండి పెళుసుబారతాయి. వాటిని సమయానికి మార్చకపోతే గట్టిగా ఉన్న లోహాన్ని కూడా అవే పాడుచేస్తాయి. అందుకే కింద చెప్పిన వరుసలోనే పని చేయండి. కూలింగ్ సరిచేయకుండా పికప్ గురించి బెంగపడటం వృథా.

ముందుగా మీ దగ్గరున్నది ఏ ఇంజిన్?

ఎం54లో మూడు సైజులున్నాయి. చిన్నది ఎం54బీ22: 2171 సీసీ, 170 హార్స్‌పవర్. మధ్యది ఎం54బీ25: 2494 సీసీ, 192 హార్స్‌పవర్, 245 న్యూటన్ మీటర్ల టార్క్. పెద్దది ఎం54బీ30: 2979 సీసీ, 231 హార్స్‌పవర్, 300 న్యూటన్ మీటర్లు. పెద్ద రెండింటిలోనూ సిలిండర్ బోరు 84 మి.మీ. ఒకటే, స్ట్రోకు మాత్రం 75 నుంచి 89.6 మి.మీ.కు పెరిగింది. చిన్నదానిది 80 మి.మీ. బోరు, 72 మి.మీ. స్ట్రోకు.

డిక్కీ మీది బ్యాడ్జి చూసి మోసపోకండి. ఎం54 కాలపు 320ఐలోనూ 520ఐలోనూ ఉన్నది 2.2 లీటర్ల ఇంజిన్. 325ఐ, 525ఐలలో 2.5, 330ఐ, 530ఐలలో 3.0. జెడ్3, జెడ్4, ఎక్స్3, ఎక్స్5 బండ్లలో కూడా ఇదే ఇంజిన్ వాడారు.

బ్లాకు అల్యూమినియం, సిలిండర్ లైనర్లు పోత ఇనుము, హెడ్డు కూడా అల్యూమినియమే. దీనికి ముందు వచ్చిన ఎం52 తొలి అల్యూమినియం బ్లాకుల్లో నికాసిల్ పూత ఉండేది. గంధకం ఎక్కువున్న పెట్రోలుకు ఆ పూత అరిగిపోయేది. ఎం54 కొనేవారికి ఆ భయం లేదు.

పనికి ముందు రాసి పెట్టుకోవాల్సిన అంకెలు మరికొన్ని. ఫైరింగ్ ఆర్డర్ 1-5-3-6-2-4. ఫిల్టర్‌తో కలిపి ఇంజిన్ ఆయిల్ 6.5 లీటర్లు. ఇ46లో (ఆ కాలపు 3 సిరీస్ బండి) ఇంధన పీడనం 3.5 బార్. థర్మోస్టాట్ తెరుచుకునేది 97 డిగ్రీల సెల్సియస్ దగ్గర. ఆయిల్ డ్రెయిన్ బోల్టుకు 17 సైజు పానా, ఫిల్టర్ మూతకు 36 సైజు సాకెట్, రెండింటి బిగింపూ 25 న్యూటన్ మీటర్లే. ఈ ఇంజిన్ నిండా అల్యూమినియం త్రెడ్లే ఉన్నాయి కాబట్టి టార్క్ రెంచి లేకుండా పని మొదలుపెట్టకండి. చేతి అంచనాతో బిగించిన చోటే త్రెడ్లు పోతాయి.

ఏదీ విప్పకముందే చేయాల్సిన పరీక్ష

ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తండి. కూలెంట్ ట్యాంకు చుట్టూ తెల్లటి లేదా నీలం రంగు ఎండిన మరకలున్నాయేమో చూడండి. ట్యాంకు అతుకు వెంబడి వేలితో తడిమి చూడండి. ఆయిల్ మూత తీసి దాని అడుగు చూడండి. మీగడలాంటి పదార్థం కనబడితే కంగారు పడనవసరం లేదు. చలి ప్రాంతాల్లో చిన్న చిన్న దూరాలు తిరిగే బండికి అది మామూలే. కూలెంట్ కూడా తగ్గుతూ ఉంటే మాత్రం హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి.

తర్వాత స్టార్ట్ చేసి ఐడిల్‌లో వినండి. వరుస ఆరు సిలిండర్ల ఇంజిన్‌లో పిస్టన్ల ఊపులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. బ్యాలెన్స్ షాఫ్ట్ అవసరం లేకుండానే నున్నగా తిరగడం దాని పుట్టుక లక్షణం. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో కొద్దిపాటి వణుకును సహజమని వదిలేయొచ్చు, ఇక్కడ వదిలేయకూడదు. స్టీరింగులో వణుకు తెలుస్తోందంటే గాలి లీకో, ప్లగ్గుకు కరెంటిచ్చే కాయిలో, క్యామ్‌ల టైమింగ్ మార్చే వానోసో, ఇంజిన్ మౌంటింగో, ఏదో ఒకటి మీతో మాట్లాడుతున్నట్టే.

ఓబీడీ రీడర్ (బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చూపే పరికరం) పెట్టి కోడ్లు చదవండి, రాసుకోండి, వెంటనే చెరిపేయకండి. కోడ్ల కంటే విలువైనవి ఫ్యుయెల్ ట్రిమ్ అంకెలు, అంటే కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పేవి. లాంగ్ టర్మ్ ట్రిమ్‌ను ఐడిల్‌లో ఒకసారి, 2500 ఆర్‌పీఎం దగ్గర ఒకసారి నోట్ చేయండి. అయిదు శాతం అటూ ఇటూ ఉంటే బాగున్నట్టు. ఐడిల్‌లో పది శాతం దాటి, వేగం పెంచితే తగ్గిపోతోందంటే ఎక్కడో గాలి దొంగదారిన లోపలికి వస్తోంది. ఐడిల్‌లో బాగుండి, లోడు మీద పెరుగుతుంటే గాలిని కొలిచే సెన్సరో, ఫ్యుయెల్ పంపో, ఫిల్టరో చూడాలి. ఈ ఇంజిన్‌లో 1 నుంచి 3 సిలిండర్లు ఒక బ్యాంకు, 4 నుంచి 6 రెండో బ్యాంకు. పీ0171, పీ0174 కోడ్లు (గాలికి తగ్గ పెట్రోలు లేదని ఒక్కో బ్యాంకు గురించి చెప్పేవి) రెండూ కలిసి వచ్చాయంటే తప్పు రెండు బ్యాంకులకూ ఉమ్మడిగా ఉన్న చోట, అంటే గాలి దారిలోనో ఇంధనం దారిలోనో ఉంది.

ఉష్ణోగ్రత కూడా రీడర్‌లోనే చూడండి, డాష్‌బోర్డు ముల్లును నమ్మకండి. ఇ46లోనూ, ఇ39 (ఆ కాలపు 5 సిరీస్) బండ్లలోనూ ఆ ముల్లు సుమారు 75 డిగ్రీల నుంచి 110 దాకా కదలకుండా మధ్యలోనే నిలబడేలా అమర్చారు. అది మధ్య దాటి కదిలిందంటే ప్రమాదం అప్పటికే మొదలైంది. ఆ క్షణంలో బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాలి. ‘ఇంకో రెండు కిలోమీటర్లేగా’ అనుకుంటే హెడ్డు వంకర పోతుంది. ముల్లు పెరుగుతూ ఉండగా హీటర్‌లోంచి చల్లగాలి వస్తుంటే కూలెంట్ బయటికి పోయిందని అర్థం.

కూలింగ్ వ్యవస్థ: మొత్తం ఒకేసారి

ఈ మెకానిజంలో ఒక్కో భాగం పోయినప్పుడు ఒక్కోటి మార్చుకుంటూ పోవడం నేను ఒప్పుకోను. కొత్త వాటర్ పంపు పెట్టి పాత ట్యాంకు ఉంచితే, ఇన్నాళ్లూ పాత పంపు దగ్గర కారిన ఒత్తిడి ఇప్పుడు ట్యాంకు అతుకు మీద పడుతుంది. అందుకే ఎక్స్‌పాన్షన్ ట్యాంకు, దాని మూత, వాటర్ పంపు, థర్మోస్టాట్, పై గొట్టం, కింది గొట్టం, కింది గొట్టంలోని టెంపరేచర్ సెన్సర్ ఓ-రింగ్, బెల్టులు, టెన్షనర్ పుల్లీలు ఒకే సెట్టుగా తెచ్చుకోండి. రేడియేటర్ ఎప్పుడు మార్చారో రికార్డు లేకపోతే దాన్నీ కలపండి. దాని ప్లాస్టిక్ మెడ కూడా ట్యాంకు వయసుదే. లక్ష కిలోమీటర్లకో, ఏడెనిమిదేళ్లకో ఒకసారి ఇదంతా మళ్లీ చేయాలని ముందే లెక్క వేసుకోండి.

చేసే వరుస ఇది. ఇంజిన్ చల్లారాక మాత్రమే మూత తీయండి. వేడి మీద తీస్తే మరిగే కూలెంట్ ముఖాన చిమ్ముతుంది. రేడియేటర్ కింది డ్రెయిన్ స్క్రూ వదులు చేయండి. అది ప్లాస్టిక్‌ది, విరిగిపోవచ్చు, కొత్తది దగ్గర పెట్టుకోండి. బ్లాకులో మిగిలింది దించడానికి ఎగ్జాస్ట్ వైపు ఇంకో డ్రెయిన్ బోల్టు ఉంటుంది. చాలామంది దీన్ని వదిలేసి సగం పాత కూలెంట్ లోపలే ఉంచేస్తారు.

మీ బండికి బెల్టుతో తిరిగే ఫ్యాన్ ఉంటే దాని నట్టు 32 సైజు. అది ఎడమ త్రెడ్, అంటే గడియారం తిరిగే దిశలో తిప్పితే వదులవుతుంది. అలవాటు కొద్దీ ఎదురువైపు లాగి పుల్లీ పాడుచేయకండి. బెల్టు తీయకముందే వాటర్ పంపు పుల్లీ బోల్టులు వదులు చేసుకోండి, తర్వాత పుల్లీ మీ చేతిలో గిర్రున తిరుగుతుంది.

వాటర్ పంపు నాలుగు నట్ల మీద కూర్చుని ఉంటుంది. నట్లు తీసినా పంపు రాదు. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తబోతే అల్యూమినియం అంచు చెక్కుకుపోయి కొత్త పంపు కారుతుంది. పంపు అంచులోనే రెండు త్రెడ్ రంధ్రాలున్నాయి. వాటిలో రెండు ఎం6 బోల్టులు దూర్చి అటో అర చుట్టు, ఇటో అర చుట్టు బిగిస్తూ పోతే పంపు నిటారుగా బయటికి వస్తుంది. లోపలి గూడు శుభ్రంగా తుడిచి, కొత్త ఓ-రింగ్‌కు కాస్త కూలెంట్ రాసి కూర్చోబెట్టండి. నట్లకు 10 న్యూటన్ మీటర్లు చాలు. థర్మోస్టాట్ హౌసింగ్ బోల్టులూ అంతే, కాకపోతే వాటి పొడవులు ఒకటి కాదు. విప్పిన వరుసలోనే అట్టముక్కకు గుచ్చి పెట్టుకోండి.

కూలెంట్ అంటే నైట్రైట్, అమీన్, ఫాస్ఫేట్ లేని రకం. డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపండి. కుళాయి నీళ్లు వద్దు.

ఇక ఈ మొత్తం పనిలో ఎక్కువమంది చెడగొట్టే ఘట్టం గాలి తీయడం. ఇంజిన్ ఆపే ఉంచి ఇగ్నిషన్ ఆన్ చేయండి. హీటర్ ఉష్ణోగ్రత పూర్తిగా పెంచి, బ్లోయర్ అతి తక్కువలో పెట్టండి. అప్పుడే హీటర్ వాల్వ్ తెరుచుకుంటుంది. వీలైతే ముందు చక్రాలు కాస్త ఎత్తులో ఉంచండి. ట్యాంకు మూత పక్కనున్న బ్లీడ్ స్క్రూ తీసి, సన్నటి ధారగా కూలెంట్ పోస్తూ పోండి. స్క్రూ రంధ్రంలోంచి ముందు బుడగలొస్తాయి. బుడగలు పూర్తిగా ఆగి నిండు ధార వచ్చేదాకా పోస్తూనే ఉండండి. తొందర వద్దు, మధ్యలో రెండు మూడు నిమిషాలు ఆగి మళ్లీ పోయండి. స్క్రూ కూడా ప్లాస్టిక్‌దే, మెల్లగా బిగించండి. తర్వాత బండి నడిపి, రాత్రంతా చల్లారనిచ్చి, తెల్లారి ట్యాంకులోని తేలే పుల్ల మట్టం చూడండి. మొదటి కొన్ని రోజులు కాస్త తగ్గడం సహజం. వారం దాటినా తగ్గుతూనే ఉంటే లీకు వెతకాలి.

రీడర్ పెట్టి నడిపితే మామూలు వేగంలో 90 నుంచి 100 డిగ్రీల దాకా కనిపిస్తుంది. థర్మోస్టాట్‌లో హీటర్ తీగ ఉంటుంది, ఎక్కువ లోడు మీద కంప్యూటర్ దాన్ని వేడిచేసి ముందుగానే తెరిపిస్తుంది. కాబట్టి ఎత్తు ఎక్కేటప్పుడు అంకె తగ్గడం తప్పు కాదు. నిలకడ వేగంలో 80 కూడా దాటకపోతే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుంది. దాన్ని అలాగే వదిలేస్తే పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్‌లోని తేమ ఆరదు.

ఇప్పటికే ఒకసారి మరిగిన ఇంజిన్ అయితే

అమ్మేవాళ్లు ‘ఒక్కసారి కాస్త వేడెక్కింది’ అన్నారంటే ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి. వరుస ఆరు సిలిండర్ల హెడ్డు పొడవైనది, వేడికి వంగడానికి ఆ పొడవే కారణం. అంతకంటే ఇబ్బంది బ్లాకులో ఉంది. హెడ్ బోల్టులు పట్టుకునే త్రెడ్లు అల్యూమినియంలోవే, ముఖ్యంగా వెనక సిలిండర్ల వైపు అవి ఊడి వచ్చేస్తాయి. కూలెంట్ ట్యాంకు దగ్గర పరీక్ష ద్రవంతో గ్యాస్ టెస్టు చేయండి. నీలం ద్రవం పసుపుగా మారితే సిలిండర్ గ్యాసు కూలెంట్‌లో కలుస్తోంది.

హెడ్డు తీయక తప్పనప్పుడు కేవలం గాస్కెట్ మార్చి మూసేస్తే కొన్నాళ్లకే మళ్లీ పోతుంది. హెడ్డు చదును కొలిపించాలి, పగుళ్లకు ప్రెజర్ టెస్టు చేయించాలి, బ్లాకు త్రెడ్లన్నిటికీ ఉక్కు ఇన్సర్టులు వేయించాలి. బోల్టులు కొత్తవే వాడాలి. బిగింపు మూడు దశల్లో: 40 న్యూటన్ మీటర్లు, తర్వాత 90 డిగ్రీలు, మళ్లీ 90 డిగ్రీలు. చివరి మలుపులో ఏ బోల్టు అయినా మెత్తగా తిరిగిపోతే ఆ త్రెడ్ పోయినట్టే, అక్కడితో ఆపండి. ఇంత ఖర్చు పెట్టే ముందు మరిగిన చరిత్ర లేని ఇంకో ఇంజిన్ దొరుకుతుందేమో చూడటం తెలివైన పని.

ఆయిల్ లీకులు

ఆగినప్పుడు బానెట్ కింద నుంచి కాలిన ఆయిల్ వాసన వస్తోందంటే దాదాపు ఎప్పుడూ వాల్వ్ కవర్ గాస్కెటే. వెనక మూల నుంచి కారి వేడి ఎగ్జాస్ట్ మీద పడుతుంది. అదే ఆయిల్ స్పార్క్ ప్లగ్ గుంతల్లోకి దిగితే కాయిల్ రబ్బరు పాడై మిస్సింగ్ మొదలవుతుంది. గాస్కెట్ సెట్టులో చుట్టూ వచ్చేది, ప్లగ్ గుంతలవి, బోల్టుల కింది రబ్బరు వాషర్లు అన్నీ ఉండాలి. వాషర్లు పాతవే పెడితే బోల్టు బిగిసినా కవర్ నొక్కుకోదు. హెడ్డు వెనకున్న అర్ధచంద్రాకారపు మూలల దగ్గర, ముందు వైపు వానోస్ కలిసే అతుకుల దగ్గర సీలెంట్ చుక్కంత పెట్టండి. బోల్టులకు 10 న్యూటన్ మీటర్లు, మధ్య నుంచి బయటికి.

ప్లగ్గులు ఎలాగూ బయటపడ్డాయి కాబట్టి ఇప్పుడే మార్చండి. 25 నుంచి 30 న్యూటన్ మీటర్ల మధ్య, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే.

రెండో లీకు ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గాస్కెట్. ఇది చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. ఆయిల్ బ్లాకు ముందు ఎడమ వైపున కారి ఆల్టర్నేటర్ వెనక నుంచి కిందికి జారి, ఆయిల్ చాంబర్ అంచున చుక్కలుగా వేలాడుతుంది. కింద నుంచి చూసినవాళ్లు చాంబర్ గాస్కెట్ పోయిందంటారు. చాంబర్ దించడం పెద్ద పని, ముందు సబ్‌ఫ్రేమ్ దాకా వెళ్లాలి. దానికి ఒప్పుకునే ముందు ఆ భాగమంతా డీగ్రీజర్‌తో కడిగి, వంద కిలోమీటర్లు నడిపి, లీకు ఎక్కడ పుడుతోందో పైనుంచి చూడండి. హౌసింగ్‌దైతే ఆల్టర్నేటర్ విప్పి మార్చేయొచ్చు, గాస్కెట్ చవకది, బోల్టులకు 22 న్యూటన్ మీటర్లు. ఆ లీకును వదిలేస్తే ఆయిల్ బెల్టు మీద పడి, బెల్టు జారి తెగిపోతుంది.

క్రాంక్‌కేస్ వెంటిలేషన్, దాంతోపాటు చేయాల్సినవన్నీ

ఇంటేక్ మేనిఫోల్డ్ కింద దాగి ఉన్న ఓ ప్లాస్టిక్ వాల్వు, దానికి నాలుగు గొట్టాలు. అందరూ దీన్ని సీసీవీ అంటారు. క్రాంక్‌కేస్‌లోని ఆవిర్లను లాగి, వాటిలోని ఆయిల్‌ను వేరుచేసి, డిప్‌స్టిక్ గొట్టం గుండా కిందికి దించడం దీని పని. లోపలి పొర చిరిగితే ఇంజిన్ ఆయిల్‌ను ఆబగా పీల్చుకుంటుంది, నీలం పొగ కొడుతుంది, ఒక్కోసారి ఈల వేసినట్టు శబ్దం వస్తుంది. గడ్డకట్టే చలిలో తేమ గొట్టాల్లో గట్టిపడి దారి మూసుకుంటే ఇంకా ప్రమాదం, ఆయిల్ నేరుగా సిలిండర్లలోకి వెళ్లగలదు. చలి దేశాల కోసం ఈ గొట్టాలకు ఫోమ్ తొడుగు ఉన్న రకం విడిగా దొరుకుతుంది.

పరీక్ష తేలిక. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ మూత తీసి రంధ్రం మీద పలచటి ప్లాస్టిక్ కాగితం పెట్టండి. మెల్లగా లోపలికి లాగితే మంచిది. గట్టిగా పీల్చేసి, మూత ఎత్తడమే కష్టంగా ఉంటే పొర చిరిగింది. పైకి ఊదుతుంటే దారి మూసుకుంది, లేదా రింగులు అరిగాయి.

మేనిఫోల్డ్ తీయకుండా చేయి దూర్చి మార్చేవాళ్లున్నారు. నా సలహా మాత్రం మేనిఫోల్డ్ విప్పేయమనే. గంటన్నర అదనంగా పడుతుంది, కానీ దాని కింద ఉన్న మిగతావన్నీ అప్పుడే అందుతాయి: క్రాంక్‌షాఫ్ట్ సెన్సర్, స్టార్టర్, నాక్ సెన్సర్లు, బ్లాకులోకి ఓ-రింగులతో దూరే కూలెంట్ పైపులు. ఆ ఓ-రింగులు మారిస్తే కనిపించని కూలెంట్ లీకు ఒకటి తీరిపోతుంది. బ్యాటరీ తీగ తీసి, ఇంధన పీడనం వదిలాకే మొదలుపెట్టండి. మేనిఫోల్డ్ లేవగానే ఆరు రంధ్రాల్లోనూ శుభ్రమైన గుడ్డ దూర్చండి. ఒక్క వాషర్ లోపల పడితే హెడ్డు తీయాల్సి వస్తుంది. డిప్‌స్టిక్ గొట్టం అడుగున సీసీవీ ఆయిల్ దిగే సన్నటి దారి బురదతో పూడుకుని ఉంటుంది, దాన్ని శుభ్రం చేయకుండా కొత్త వాల్వు పెడితే ప్రయోజనం లేదు.

గాలి లీకులూ డీసా వాల్వూ

గాలి సెన్సర్‌కూ థ్రాటిల్‌కూ మధ్యనున్న ముడతల రబ్బరు గొట్టాన్ని చేత్తో వంచి చూడండి. పగుళ్లు ముడతల లోపల ఉంటాయి, పైకి కనబడవు. ఐడిల్ వాల్వుకు వెళ్లే చిన్న గొట్టమూ అంతే. మేనిఫోల్డ్ వెనక చిన్న చిన్న రబ్బరు టోపీలుంటాయి, ఎండి చీలిపోతాయి. రూపాయల వస్తువే ఐనా ఐడిల్‌ను అల్లకల్లోలం చేస్తుంది. చూపుకు దొరక్కపోతే పొగ యంత్రంతో పరీక్ష చేయించండి, ఊహించి భాగాలు కొనడం కంటే అదే చవక.

మేనిఫోల్డ్ పక్కన ఉండే నల్లటి డబ్బా డీసా. తక్కువ వేగంలోనూ ఎక్కువ వేగంలోనూ గాలి దారి పొడవును మార్చే రెక్క దానిలో ఉంటుంది. దాన్ని తీసి చూడటం పది నిమిషాల పని, టీ40 టార్క్స్ బోల్టులు రెండే. ఐనా ప్రతి ఎం54 యజమానీ తప్పక చేయాల్సిన పని ఇదే అంటాను, ఎందుకంటే ఆ రెక్కను పట్టుకునే సన్నటి పిన్ను ఊడి లోపలికి జారిపోతే నేరుగా వాల్వుల మీదికి వెళ్తుంది. రెక్కను వేళ్లతో పట్టి ఊపండి. వదులుగా గలగలలాడితే ఆ రోజు నుంచే వాడకం ఆపండి. బాగున్నట్టుంటే రెక్కను మూసి, వాక్యూమ్ రంధ్రాన్ని వేలితో మూయండి. రెక్క అలాగే నిలవాలి. లోహపు రెక్కతో వచ్చే రిపేరు కిట్లు దొరుకుతాయి, అవి పాత ప్లాస్టిక్ దానికంటే నమ్మకమైనవి. చుట్టూ ఉన్న రబ్బరు సీలు గట్టిపడితే అది కూడా గాలి లీకే.

వానోస్

మూడు వేల ఆర్‌పీఎం లోపల బండి నీరసంగా ఉండి, ఆ తర్వాత ఒక్కసారిగా లేస్తోందా? చల్లగా ఉన్నప్పుడు ఐడిల్ ఊగుతోందా? గాలి లీకులు లేవని తేలాక వానోస్ వైపు చూడండి. రెండు క్యామ్‌ల టైమింగ్‌నూ ఆయిల్ పీడనంతో మార్చే యంత్రం ఇది. లోపల పిస్టన్ల చుట్టూ ఉన్న టెఫ్లాన్ రింగుల కింద ఓ-రింగులుంటాయి. తొలినాటి రబ్బరు ఓ-రింగులు వేడికీ ఆయిల్‌కీ గట్టిపడి కుంచించుకుపోతాయి, పీడనం పక్కకు జారిపోతుంది. వైటాన్ ఓ-రింగులున్న సీల్ కిట్ కొని వేస్తే ఇంజిన్ కింది వేగాల్లో ఎంత మారుతుందో నడిపితేనే తెలుస్తుంది. కొత్త సీళ్లు సర్దుకోవడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది, మొదటి రోజే తీర్పు చెప్పేయకండి.

ఈ పనిలో జాగ్రత్త ఒక్కటే: పిస్టన్లను షాఫ్టుకు పట్టి ఉంచే స్క్రూలు ఎడమ త్రెడ్‌వి. యూనిట్ బయటికి తీశాక క్యామ్‌లు కానీ క్రాంకు కానీ తిప్పకూడదు. క్యామ్ లాకులూ, క్రాంక్ లాక్ పిన్నూ లేకపోతే ఇది అలవాటున్న మెకానిక్‌కు వదిలేయండి.

సెన్సర్లు

వేడి మీద ఉన్నట్టుండి ఆగిపోయి, చల్లారాక మళ్లీ స్టార్ట్ అవుతుంటే క్రాంక్‌షాఫ్ట్ సెన్సర్. స్టార్టర్ చాలాసేపు తిరిగాక అందుకుంటే ఇంటేక్ క్యామ్ సెన్సర్. ఈ రెండింటిలోనూ చవక రకాలు కొన్ని నెలలకే మోసం చేస్తాయి. డబ్బు ఆదా చేయడానికి వేరే చోట్లున్నాయి, ఇక్కడ కంపెనీ నాణ్యతవే పెట్టండి. ఒక సిలిండర్‌లో మాత్రమే మిస్సింగ్ ఉంటే ఆ కాయిల్‌ను పక్క సిలిండర్‌కు మార్చి చూడండి. కోడ్ దానితోపాటు కదిలితే కాయిల్, కదలకపోతే ప్లగ్గో ఇంజెక్టరో.

చివరగా, ఆయిల్ తాగడం గురించి

పై పనులన్నీ అయ్యాక కూడా ఎం54, ముఖ్యంగా మూడు లీటర్లది, కొంత ఆయిల్ తాగుతుంది. దీని ఆయిల్ రింగులు తక్కువ బిగువుతో చేసినవి. ఆయిల్ మార్పులు ఆలస్యమైతే మడ్డి పట్టి ఇరుక్కుంటాయి. సర్వీసు సూచిక దీపం చెప్పేదాకా ఆగకుండా పదివేల కిలోమీటర్ల లోపలే మార్చండి. బీఎండబ్ల్యూ ఎల్ఎల్-01 ఆమోదమున్న 5డబ్ల్యూ-30 లేదా 5డబ్ల్యూ-40 సింథటిక్ వాడండి.

ఎంత తాగుతోందో తెలియాలంటే సమతలంలో, ఒకే చోట, ఆపిన తర్వాత ఒకే వ్యవధికి డిప్‌స్టిక్ చూసి కిలోమీటర్లతో సహా రాసుకోండి. లీకులు లేవు, సీసీవీ కొత్తది, అయినా ఎక్కువగా తగ్గుతోందంటే కంప్రెషన్, లీక్‌డౌన్ (సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎంత కారుతోందో చూసే) పరీక్షలు చేయించండి. కంప్రెషన్‌లో ఒక్కో సిలిండర్ అంకె కంటే ఆరింటి మధ్య తేడా ముఖ్యం. పదిహేను శాతం దాటితే లోపల పనుంది. ఆరూ సమానంగా ఉండి, వెయ్యి కిలోమీటర్లకు అర లీటరులోపు తాగుతుంటే రింగుల కోసం ఇంజిన్ విప్పకండి. డిక్కీలో ఒక లీటరు డబ్బా ఉంచుకుని, మట్టం కింది గీతకు రాకముందే పోసుకుంటూ నడపండి. ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్‌లోనే క్యాటలిటిక్ కన్వర్టర్లున్నాయి కాబట్టి నీలం పొగ నిలకడగా కనిపించేంత తాగుడును మాత్రం ఉపేక్షించొద్దు. కాలిన ఆయిల్ వాటిని పూడ్చేస్తే రింగుల ఖర్చుకు అదీ తోడవుతుంది.